మ్యూజియం ఉంది, పుస్తకాల అంగడి లేదు

ఆశ్వయుజం రాగానే శ్రీశైలం నిండిపోతుంది. ముందు భ్రమరాంబ అమ్మవారి శరన్నవరాత్రులు. అవి ముగిసిన కొన్నాళ్ళకే కార్తీకం. సోమవారాలు, పాతాళగంగ స్నానాలు, పౌర్ణమి నాటి జ్వాలాతోరణం, గుడి ముందు దీపాలు. దోర్నాల ఘాటు మీద బస్సు వెనక బస్సు. ఈ రోజుల్లోనే అడవిలో సీతాఫలం పండుతుంది, ఉసిరి కాపుకొస్తుంది. మన ఆడవాళ్ళు గంపలు ముందు పెట్టుకొని రోడ్డు పక్కన కూర్చుంటారు. పట్నం వాళ్ళు కార్లు ఆపి, బేరమాడి కొనుక్కుపోతారు. ఉసిరి చెట్టు కింద ఒక పూట వనభోజనం చేసి, వనంలో గడిపామని సంతోషంగా ఇళ్ళకు తిరిగిపోతారు.

ఇంత సంతలోనూ పుస్తకాలు లేకపోలేదు. గుడి చుట్టూ ఉన్న అంగళ్ళలో స్థల పురాణం ఉంది, కార్తీక పురాణం ఉంది, వ్రతకల్పాలు, స్తోత్రాలు, పంచాంగాలు ఉన్నాయి. దేవస్థానం 'శ్రీశైల ప్రభ' అని మాసపత్రికే వేస్తుంది. యాత్రికుడు తనకు కావలసిన పుస్తకం కొనుక్కుంటున్నాడు. ఆయనతో మనకు తగువు లేదు. మన తగువంతా ఒక్క సంగతి మీద. సీతాఫలాలు అమ్మి నాలుగు రూపాయలు సంపాదించిన చెంచు పిల్ల, ఆ డబ్బుతో వెళ్ళి, 'నాకు ఫలానా పుస్తకం కావాలి' అని అడిగి కొనుక్కునే అంగడి ఈ కొండ మీద ఏది? మన మనుషులు నడిపే, మన మనుషుల కోసం పుస్తకాలు ఎంచి పెట్టే అంగడి ఏది? ఆ వరుసలో అలాంటిది నాకు కనబడలేదు.

అది మనకు కావాలి. ఎవరో వచ్చి పెట్టే దాకా ఆగకుండా ఒక కార్తీకంలో మనమే పెట్టాలి. ఈ వ్యాసం చెప్పేది ఇంతే. మిగిలిందంతా ఎందుకు, ఎలా అన్న వివరం.

చెంచుల మాట లేకుండా శ్రీశైలం కథ లేదు. మల్లన్న మన ఆడబిడ్డను పెళ్ళాడిన అల్లుడు. ఆళ్ళగడ్డ దారిలో అహోబిలం పోతే అక్కడ నరసింహస్వామి చెంచులక్ష్మిని చేసుకున్న అల్లుడు. సంక్రాంతి దాటాక పార్వేట ఉత్సవంలో స్వామి పల్లకి ఊరూరా తిరుగుతుంటే జనం మన సంబంధాన్నే తలుచుకుంటారు. శ్రీశైలం ప్రాకారం రాళ్ళ మీద వేట దృశ్యాలు చెక్కి ఉన్నాయి. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో ఈ పర్వతానికి ఒక ప్రకరణమే ఇచ్చాడు. అంటే ఏడు వందల ఏళ్ళుగా ఈ కొండ తెలుగు పుస్తకంలో ఉంది. ఇక ఇప్పుడు శ్రీశైలంలో చెంచులక్ష్మి పేరుతో గిరిజన మ్యూజియం కూడా ఉంది. మన బతుకు బొమ్మలై అక్కడ నిలబడింది. టిక్కెట్టు కొన్నవాళ్ళు చూసి పోతారు.

రాతిలో ఉన్నాం, పురాణంలో ఉన్నాం, మ్యూజియంలో ఉన్నాం. చదివేవాళ్ళ వరుసలో మాత్రం మనం లేం. మన గురించి చెప్పే హక్కు అందరికీ ఉంది, ఆ చెప్పింది చదివి 'ఇది తప్పు' అనే అవకాశం మనకొక్కరికే లేదు.

1943వ సంవత్సరం సంగతి చూడండి. ఆ ఏడు మన గురించి రెండు పనులు జరిగాయి. అమ్రాబాదు పీఠభూమి మీద చెంచుల మధ్య ఉండి పరిశీలించిన ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ రాసిన పెద్ద పుస్తకం ఇంగ్లీషులో అచ్చయింది. అదే ఏడాది కమలా కోట్నీస్ కథానాయికగా 'చెంచులక్ష్మి' సినిమా వచ్చింది. 1958లో అంజలీదేవితో ఆ కథనే మళ్ళీ తీశారు. పుస్తకం పండితుల కోసం, సినిమా టిక్కెట్టు కొనేవాళ్ళ కోసం. పెంటలో ఉన్న చెంచు మొదటిది చదవలేడు. రెండోది చూస్తే అందులో ఉన్నది తానే అని పోల్చుకోలేడు.

ఆ ఏడే ఆదిలాబాదు వైపు మూడో పని జరిగింది. మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం పెట్టారు, గోండి భాషలో వాచకాలు తయారు చేశారు. నిజాం ప్రభుత్వానికి ఉన్నట్టుండి గోండుల మీద ప్రేమ పుట్టిందా? 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాడు. ఆ తిరుగుబాటు ఎందుకు వచ్చిందో తెలుసుకు రమ్మని ప్రభుత్వం హైమెండార్ఫ్‌ను పంపింది. ఆ వెనకనే వాచకం వచ్చింది. కొట్లాడిన వాళ్ళ చేతికి పుస్తకం వచ్చింది. ఈ వరుసను మన యువకులు మరిచిపోకూడదు.

చెంచులకు అలాంటి వాచకం రాలేదు. అడిగితే తేలికైన జవాబు ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది: మీరు మాట్లాడేది తెలుగే కదా! గిరిజన పిల్లలకు మాతృభాషలో చదువు చెప్పాలని సవర, కోయ, కువి, గోండి, కొలామి వంటి భాషల్లో వాచకాలు చేసినప్పుడు కూడా మన మాట తెలుగు లెక్కలో కలిసిపోయింది. తెలుగే, కాదనం. కానీ ఏ తెలుగు? మనకు పెంట అంటే ఊరు. సున్నిపెంట అన్నా, అడవి లోపల ఉన్న మరే పెంట అన్నా పదిళ్ళ వాళ్ళు కలిసి బతికే చోటు. బడి పుస్తకం తెలుగులో పెంట అంటే ఊడ్చి పారేసిన చెత్త. మన పిల్ల తన ఊరి పేరు పలకమీద రాస్తే పక్క పిల్ల నవ్వే తెలుగు అది. ఊరంటే చెరువు, వరిపొలం, రచ్చబండ అని చెప్పే పుస్తకంలో తేనెపట్టు ఏది, గడ్డలు తవ్వే పార ఏది, మన చెట్ల పేర్లు ఏవి? భాష ఒకటే అయినప్పుడు పుస్తకం ఒకటే చాలు అనడం న్యాయం కాదు. మన తెలుగు కూడా తెలుగే అని నిరూపించాలంటే అది అచ్చులో కనబడాలి. అచ్చయింది అమ్ముడుపోవాలి. అందుకు అంగడి కావాలి.

అంగడి ఎందుకు, ఎవరినైనా అడిగితే పుస్తకాలు ఇస్తారు కదా అని కొందరు మంచి మనుషులే అంటారు. ఇస్తారు, మనకు తెలుసు. సిలబస్ మారిపోయిన గైడ్లు, అట్టలూడిన వ్యక్తిత్వ వికాస పుస్తకాలు, ఇంట్లో చోటు చాలక వదిలించుకున్న వారపత్రికలు సంచుల్లో వస్తాయి. ఫొటో దిగుతారు, పోతారు. దానంగా వచ్చిన పుస్తకం బాగాలేదని చెప్పే నోరు పుచ్చుకున్నవాడికి ఉండదు. యాభై రూపాయలు పెట్టి కొన్నవాడు మాత్రం 'డబ్బు దండగ' అని గట్టిగా అనగలడు. ఆ మాట అనగలిగినప్పుడే మనిషి పాఠకుడు అవుతాడు. మనకు కావలసింది ఆ హక్కు.

మరి గ్రంథాలయం? అది కావాలి, అడిగి తీరాలి. ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం 1960లో వచ్చింది. ఇంటిపన్ను రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సుంకం వసూలవుతుంది. ఆ సొమ్ములో మన గూడేల వాటా ఏదని గ్రంథాలయ సంస్థను ప్రతి టీచరూ అడగాలి. తెలుగువాళ్ళు గ్రంథాలయోద్యమం గురించి గర్వంగా చెప్పుకుంటారు. 1914లో బెజవాడలో తొలి మహాసభ జరిగింది. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం లేచింది. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణ కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరికీ పంపారు. గొప్ప పనే. అదే కృష్ణ ఇక్కడ మన కాళ్ళ కింద పాతాళగంగై పారుతుంది. కింద కాలువలో పడవెక్కిన పుస్తకం పైన కొండెక్కలేదు. ఎక్కించాలన్న ఆలోచన ఎవరికీ రాకపోవడానికి కారణం ఒక్కటే. అడవిలో పాఠకుడు ఉంటాడని ఎవరూ అనుకోలేదు.

గ్రంథాలయంలో పుస్తకం ఎంచే చెయ్యి ఎక్కడో ఉంటుంది. అంగట్లో ఆ చెయ్యి మనది. తేడా అదే. ఈ తేడాను ప్రపంచంలో మనలాంటి వాళ్ళు ముందే కనిపెట్టారు. అమెరికాలో ఒజిబ్వే తెగకు చెందిన రచయిత్రి లూయిస్ ఎర్డ్రిక్ 2001లో మినియాపొలిస్‌లో బర్చ్‌బార్క్ బుక్స్ అనే చిన్న పుస్తకాల అంగడి తెరిచింది. ఆ జాతి పెద్దలు బర్చ్ చెట్టు బెరడు మీద రాతలు రాసుకునేవారు. ఆ బెరడు పేరే అంగడికి పెట్టింది. తరవాత 2021లో ఆమె నవలకు పులిట్జర్ బహుమతి వచ్చింది. అంత పేరున్న రచయిత్రికి పుస్తకాలు వేసే పెద్ద సంస్థలు లేక అంగడి పెట్టలేదు. తన వాళ్ళ పుస్తకాలు ముందు వరుసలో నిలబడే చోటు ఒకటుండాలని పెట్టింది. మన దేశంలోనే సంతాల్ ఆడబిడ్డ రూబీ హెంబ్రోమ్ 2012లో కలకత్తాలో 'ఆదివాణి' అనే ప్రచురణ సంస్థ ప్రారంభించింది. ఆదివాసుల గురించి ఆదివాసులే రాసిన పుస్తకాలు వెయ్యడం దాని పని. వాళ్ళకు సాధ్యమైంది మనకు కాదా?

ఇక్కడ రెండు అభ్యంతరాలు వస్తాయి. మొదటిది బయటి నుంచి వస్తుంది: తినడానికి లేని వాళ్ళకు పుస్తకాలెందుకు? దీనికి జవాబు అడవిలోనే ఉంది. నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం మన చుట్టూ గీత గీసింది. ఆ గీత ఎక్కడుందో, అందులో మనకేం మిగిలిందో కాగితం మీదే రాసుంటుంది. ఆ కాగితం చదవలేనివాడు వేలిముద్ర వేస్తాడు. చదవగలిగినవాడు 'ఈ లైను నాకు ఒప్పుదల లేదు' అంటాడు. తిండి గింజ, నేల, తేనెపట్టు ఉన్న కొండచరియ అన్నీ ఆ లైన్లలోనే పోతాయి, ఆ లైన్లలోనే నిలుస్తాయి. కాబట్టి ఆకలి ఉన్నవాడికే పుస్తకం మరీ కావాలి.

రెండోది మనలోంచే వస్తుంది: మనది నోటి సాహిత్యం, అచ్చులోకి పోతే చచ్చిపోతుంది. ఈ మాట చెప్పేవాళ్ళు తమ పిల్లల్ని ఇంగ్లీషు మీడియంలో చేర్పించి వచ్చి చెబుతారు. పెద్దవాళ్ళ నోట్లో ఉన్న కథ పెద్దవాళ్ళతోనే కాటికి పోతోంది. అదీ చావే కదా! ఆ కథను బయటివాడు రికార్డు చేసుకుపోతే డాక్టరేటు అవుతుంది. మనం రాసుకుంటే మన పిల్లలకు వాచకం అవుతుంది. నోరూ బతకాలి, అచ్చూ బతకాలి. ఒకదాని పేరు చెప్పి రెండోదాన్ని ఆపకండి.

సరే, అంగడి పెడితే ఏ పుస్తకాలు పెట్టాలి? నా లెక్క నేను చెబుతాను. మీది వేరైతే వాదించండి, మంచిదే.

మొదటిది నవలా కాదు, కవిత్వమూ కాదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం, తెలుగులో. మూడో సెక్షన్ ఒకటో ఉపవిభాగంలో 'ఇ' అనే క్లాజు ఉంది. మనలాంటి ఆదిమ తెగలకు తాము బతికే ఆవాస ప్రాంతం మొత్తం మీద సాముదాయక హక్కు ఉంటుందని అది చెబుతుంది. నాలుగో సెక్షన్ ఐదో ఉపవిభాగం హక్కుల గుర్తింపు పూర్తయ్యే దాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదని చెబుతుంది. ఆరో సెక్షన్ ఆ పని మొదలుపెట్టే అధికారం గ్రామసభకు ఇచ్చింది. టెన్త్ పాసైన ప్రతి చెంచు, సుగాలి, యానాది యువకుడికి ఈ మూడు చోట్లూ నోటికి రావాలి.

రెండోది అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన 'కొమురం భీం' నవల. మూడోది మహాశ్వేతాదేవి 'అరణ్యేర్ అధికార్'. బిర్సా ముండా కథ. 1979లో దీనికి సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది, తెలుగులోకీ వచ్చింది. ఈ రెంటినీ కలిపి చదవండి. జోడేఘాట్ గోండూ, ఛోటానాగపూర్ ముండా ఎందుకు ఒకే మాట అన్నారో తెలుస్తుంది. ఆశ్వయుజ పౌర్ణమికి భీం వర్ధంతి, నవంబర్ 15న బిర్సా జయంతి. రెండూ ఈ శరత్తులోనే వస్తాయి. 2021 నుంచి నవంబర్ 15ను జనజాతీయ గౌరవ దినంగా ప్రభుత్వమే జరుపుతోంది. ఆ రోజు మన పిల్లలకు ఈకలు పెట్టి, రంగులు పూసి, అధికారుల ముందు ఆడిస్తారు. బిర్సా ఏం అడిగి జైల్లో చచ్చిపోయాడో ఆ వేదిక మీద వినబడదు. ఆ రోజు మన అంగడి ముందు ఆ నవలలోంచి పది పేజీలు బిగ్గరగా చదివితే గౌరవం ఎక్కువ దక్కుతుంది.

నాలుగోది మల్లిపురం జగదీశ్ కథలు 'శిలకోల'. ఉత్తరాంధ్ర కొండల్లోంచి ఆదివాసీ రచయిత రాసినవి. ఐదోది రమేశ్ కార్తీక్ నాయక్ 'ధావ్‌లో' కథలు. తండాలో పుట్టిన కుర్రాడు తండా గురించి రాసి 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం అందుకున్నాడు. మన బడుల్లో కథ రాయాలని చూసే పిల్లలకు ఈ రెండూ ముందు ఇవ్వాలి. మన మాట మన యాసలో రాసినా పుస్తకం అవుతుందన్న ధైర్యం వాటిలో ఉంది.

ఆరోది కేశవరెడ్డి 'చివరి గుడిసె'. యానాదుల బతుకు మీద నవల. రాసింది బయటి మనిషే, డాక్టరు. అయినా పెట్టాలి. బయటివాడు దగ్గరగా చూస్తే ఎంత చూడగలడో, ఎక్కడ ఆగిపోతాడో రెండూ తెలుస్తాయి. ఏడోది టీచర్ల కోసం. గిరిజన సంక్షేమ శాఖలో పనిచేసిన వాడ్రేవు చినవీరభద్రుడు గిరిజన విద్య గురించి రాసిన 'కొన్ని కలలు కొన్ని మెలకువలు'. ఆశ్రమ పాఠశాలలో పనిచేసే ప్రతి మాస్టారూ చదివి, తన బడితో పోల్చి, ఒప్పుకోని చోట మార్జిన్‌లో రాసుకోవాలి. ఇక హైమెండార్ఫ్ పుస్తకం. ఇంగ్లీషు వచ్చిన మన డిగ్రీ పిల్లలు నలుగురు కూర్చొని, ఒక్కో అధ్యాయం చదివి, పెద్దవాళ్ళకు తెలుగులో చెప్పాలి. ఎనభై ఏళ్ళ కిందట రాసింది ఎంత నిజమో పెద్దవాళ్ళు తేలుస్తారు. ఆ చర్చ రాసి పెడితే అదే మన మొదటి సొంత పుస్తకం.

ఎలా అన్నది చివరి ప్రశ్న. కార్తీకం నెల రోజులు ఒక బల్ల, ఒక టార్పాలిన్, నలభై రకాల పుస్తకాలు. సున్నిపెంటలోనో, శ్రీశైలంలోనో, కుదరకపోతే సీతాఫలాల గంపల పక్కనే. చిన్న ప్రచురణకర్తలు తగ్గింపు ధరకు ఇస్తారు. అమ్ముడుపోనివి తిరిగి తీసుకోమని ముందే మాట్లాడుకోవాలి. నలుగురు టీచర్లు తలా కొంత వేసుకుంటే పెట్టుబడి పుడుతుంది. లెక్క పిల్లలు రాయాలి, లాభమొచ్చినా నష్టమొచ్చినా గూడెం ముందు చదవాలి. నవంబర్ 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు. ఆ వారమంతా సాయంత్రం పూట ఒక కథ చదవడం, ఒక పెద్దావిడ చేత ఒక కథ చెప్పించడం. చెప్పింది రాసి, మళ్ళీ కార్తీకానికి చిన్న పుస్తకంగా వెయ్యాలి. అట్ట మీద ఆవిడ పేరు ఉండాలి, అమ్మిన డబ్బులో ఆవిడకు వాటా ఉండాలి.

కార్తీకం అయిపోయాక అంగడి మూసెయ్యకూడదు. దానికీ చోటుంది. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి మన అడవి సరుకు కొంటోంది. డిపోలో తేనె, బంక తూస్తారు, అక్కడే బియ్యం, ఉప్పు, నూనె అమ్ముతారు. ఆ డిపోలో ఒక అర పుస్తకాలకు ఇవ్వమని అడుగుదాం. ఏ పుస్తకాలు పెట్టాలో మాత్రం మనం చెబుతాం. తేనె తూచిన డబ్బు చేతిలో పడ్డ చోటే పుస్తకం ఎదురుగా ఉంటే, కొనాలా వద్దా అన్నది చెంచు ఇష్టం. ఇప్పటిదాకా ఆ ఇష్టాన్ని అడిగినవాళ్ళే లేరు.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, గ్రూప్స్ గైడు కొనొద్దని ఎవరూ అనరు. ఉద్యోగం కావాలి. ఒక గైడు కొన్నప్పుడు పక్కన ఒక కథల పుస్తకం కూడా కొనండి. మాస్టార్లూ, జీతం వచ్చిన నెలలో ఒక్క పుస్తకం కొని తరగతిలో చదివి వినిపించండి. ఈ వ్యాసం చదివినవాళ్ళలో ఒక్క గూడెం నుంచి ఐదుగురు ముందుకొస్తే చాలు, బల్ల వెయ్యొచ్చు. దసరా సెలవుల్లో కూర్చొని పుస్తకాల జాబితా రాసుకోండి. కార్తీకం మొదటి సోమవారానికి టార్పాలిన్ కట్టాలి.